మాస్కో ఇప్పుడు ఏమివ్వగలదు?

2021 మే 1న రష్యా తయారు చేసిన స్పుత్నిక్-వి టీకా తొలి విడతగా లక్షా యాభై వేల డోసులు హైదరాబాద్ విమానాశ్రయంలో దిగాయి. కరోనా రెండో దశ దేశాన్ని అతలాకుతలం చేస్తున్న రోజులవి. ఆ టీకాను మన దేశంలో పంపిణీ చేసే ఒప్పందం డాక్టర్ రెడ్డీస్ సంస్థది. దాన్ని 1984లో స్థాపించిన కల్లం అంజిరెడ్డి అంతకుముందు కొంతకాలం బాలానగర్‌లోని ప్రభుత్వరంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేశారు. ఆ ఐడీపీఎల్ సోవియట్ సాంకేతిక సహకారంతో వెలసిన కర్మాగారం. మందుల తయారీ అక్కడ నేర్చుకుని బయటికి వచ్చినవారు పెట్టిన పరిశ్రమలే హైదరాబాద్‌ను దేశానికి ఔషధ కేంద్రంగా నిలబెట్టాయి. అంటే ఒకప్పుడు మాస్కో వేసిన విత్తనం నుంచి ఎదిగిన సంస్థే, మాస్కో టీకాను అమ్మిపెట్టే స్థాయికి చేరింది.

ఆ టీకా కథ అక్కడితో ఆగలేదు. ప్రపంచంలో అందరికంటే ముందు, 2020 ఆగస్టులోనే, రష్యా దానికి అనుమతి ఇచ్చుకుంది. ప్రయోగ ఫలితాలను ఆలస్యంగా బయటపెట్టిందన్న విమర్శ ఉన్నా టీకాలో సత్తా ఉందని తర్వాత తేలింది. తీరా సరఫరా దగ్గర దెబ్బతింది. స్పుత్నిక్‌లో మొదటి డోసు, రెండో డోసు వేర్వేరు పదార్థాలు. రెండోదాని ఉత్పత్తి అనుకున్న వేగంతో సాగక, మొదటి డోసు వేసుకున్నవారు అనేక దేశాల్లో రెండోదాని కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. మన దేశం వేసిన రెండు వందల కోట్లకు పైగా డోసుల్లో స్పుత్నిక్ వాటా లెక్కకు రానంత స్వల్పం. ప్రయోగశాలలో ప్రతిభ ఉంది. దాన్ని కోట్ల మంది చేతికి అందించే యంత్రాంగం లేదు. నేటి రష్యాను అర్థం చేసుకోవడానికి యుద్ధ ట్యాంకుల లెక్కల కంటే ఈ ఉదంతమే నాకు ఎక్కువ ఉపయోగపడింది.

అణ్వాయుధాలు, భద్రతామండలిలో వీటో, విశాలమైన భూభాగం సోవియట్ యూనియన్‌కు ఉండేవి. రష్యాకూ ఉన్నాయి. అమెరికా, రష్యా రెండింటి దగ్గర కలిపి ప్రపంచ అణ్వాయుధాల్లో దాదాపు తొంభై శాతం ఇప్పటికీ ఉంది. కానీ సోవియట్ యూనియన్‌ను అగ్రరాజ్యంగా నిలిపింది అవి మాత్రమే కాదు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాలు తమ రేపటిని దాని సాయంతో ఊహించుకునేవి. ఆనకట్ట కావాలన్నా, ఉక్కు కర్మాగారం కావాలన్నా, పిల్లలను ఇంజనీర్లను చేయాలన్నా అటువైపు చూసేవి. 1991 డిసెంబర్ 25న గోర్బచేవ్ రాజీనామాతో ఆ రాజ్యం ముగిసినప్పుడు రష్యాకు ఆయుధాలు, వీటో, అప్పులు వారసత్వంగా వచ్చాయి. ఆ ఆకర్షణ రాలేదు. అడ్డుకునే శక్తి, ధ్వంసం చేసే శక్తి రష్యాకు ఇప్పటికీ దండిగా ఉన్నాయి. కట్టి ఇచ్చే శక్తి, అండగా నిలిచే శక్తి మాత్రం బాగా తరిగిపోయాయి. మన దేశంలో ప్రజాభిప్రాయం ఈ తేడాను ఇంకా గుర్తించినట్టు లేదు. గుర్తించకపోవడానికి బలమైన కారణాలే ఉన్నాయి కూడా.

తెలుగువారికి రష్యా అంటే పరాయి దేశం అనిపించని కాలం ఒకటి ఉంది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో బస్సు టికెట్టు ధరకు దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు ఆ దేశం వెళ్లి, అక్కడే ఉండి అనువాదాలు చేశారు. ముప్పై రెండు మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న విశాఖ ఉక్కు సోవియట్ సహకారంతో లేచి నిలిచింది. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టుకున్నాం. మన తొలి ఉపగ్రహం ఆర్యభట్టను 1975లో సోవియట్ రాకెట్టు మోసుకెళ్లింది. 1971 డిసెంబర్‌లో బంగ్లాదేశ్ యుద్ధం నడుస్తుండగా భద్రతామండలిలో మనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్మానాలను సోవియట్ వీటో అడ్డుకుంది. అంతటి మేలును మరిచిపోవాలని ఎవరూ అనరు. అయితే ఆ మేలు చేసిన రాజ్యం ఇప్పుడు లేదు. దాని పేరు మీద మిగిలిన అభిమానాన్ని యథాతథంగా మరో రాజ్యానికి బదిలీ చేయడంలోనే చిక్కంతా ఉంది.

ఆ మార్పు మనకు మొదట తెలిసివచ్చింది శ్రీహరికోటలో. క్రయోజెనిక్ ఇంజన్లతోపాటు వాటి తయారీ సాంకేతికతనూ ఇచ్చేలా సోవియట్ సంస్థ గ్లవ్‌కాస్మాస్ 1991లో ఇస్రోతో ఒప్పందం కుదుర్చుకుంది. ద్రవ హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల దగ్గర నిల్వ ఉంచి మండించే ఈ పరిజ్ఞానం అప్పటికి కొద్ది దేశాల చేతుల్లోనే ఉంది. బరువైన ఉపగ్రహాలను భూస్థిర కక్ష్యకు చేర్చాలంటే అది లేనిదే పని జరగదు. క్షిపణి సాంకేతికత నియంత్రణ నిబంధనలకు ఇది విరుద్ధమంటూ అమెరికా 1992 మేలో ఇస్రో మీద, గ్లవ్‌కాస్మాస్ మీద ఆంక్షలు విధించింది. ఆ స్థాయి రాకెట్లను క్షిపణులుగా ఎవరూ వాడరని నిపుణులు చెబుతున్నా వినలేదు. అప్పటి యెల్త్సిన్ ప్రభుత్వానికి డాలర్లు కావాలి, పాశ్చాత్య దేశాల మన్నన కావాలి. 1993లో మాస్కో వెనక్కి తగ్గింది. సాంకేతికత ఇవ్వం, తయారైన ఇంజన్లు ఏడు ఇస్తాం, అంతే అంది. అదే ఏడాది అమెరికాతో కలిసి అంతరిక్ష కేంద్రం నిర్మించే పనిలో రష్యాకు చోటు దక్కింది.

ఆ ఏడు ఇంజన్లలో ఒకదానితోనే 2001 ఏప్రిల్ 18న తొలి జీఎస్ఎల్‌వీ రాకెట్టు శ్రీహరికోట నుంచి లేచింది. సొంత క్రయోజెనిక్ దశతో 2010లో చేసిన ప్రయోగం విఫలమైంది. 2014 జనవరి 5న విజయం దక్కింది. మాట తప్పిన స్నేహితుడి పుణ్యమా అని ఇరవై ఏళ్లు కష్టపడి మనమే నేర్చుకున్నాం. 2023 ఆగస్టులో ఒకే వారంలో జరిగిన రెండు సంఘటనలు ఈ లెక్కను తేల్చేశాయి. దాదాపు యాభై ఏళ్ల విరామం తర్వాత రష్యా చంద్రుడి మీదికి పంపిన లూనా-25 ఆగస్టు 19న కూలిపోయింది. నాలుగు రోజులకు, 23న, చంద్రయాన్-3 దక్షిణ ధ్రువానికి చేరువలో దిగింది. మానవుడిని మొదట అంతరిక్షంలోకి పంపిన దేశానికి అలాంటి రోజు రావడం చూసి సంతోషించలేకపోయాను. సోవియట్ కాలపు అంతరిక్ష ఇంజనీర్లు చాలామంది తొంభైలలో జీతాలు అందక పని వదిలేశారు. వారి తర్వాతి తరం తయారు కాలేదు. దానికి రష్యా ఇప్పుడు మూల్యం చెల్లిస్తోంది.

తొంభైల నాటి ఆ పతనాన్ని తక్కువగా అంచనా వేస్తే తర్వాత జరిగిందేదీ అర్థం కాదు. 1994 నాటికి రష్యాలో పురుషుల సగటు ఆయుర్దాయం 58 ఏళ్ల కిందికి పడిపోయింది. యుద్ధం లేని సమయంలో ఒక పారిశ్రామిక దేశంలో అంత క్షీణత అరుదు. 1998 ఆగస్టులో ప్రభుత్వం అప్పులు తీర్చలేనని చేతులెత్తేసింది. జనం దాచుకున్న సొమ్ము విలువ మళ్లీ కరిగిపోయింది. ఆ అవమానం మీదే పుతిన్ రాజకీయం లేచింది. సోవియట్ పతనాన్ని శతాబ్దపు అతిపెద్ద భౌగోళిక రాజకీయ విపత్తుగా ఆయన 2005లో వర్ణిస్తే రష్యన్లలో అత్యధికులు తలూపారు. చమురు ధర పెరగడంతో జీతాలు, పింఛన్లు సమయానికి అందాయి, వీధుల్లో వెలుగు వచ్చింది. ఇదంతా నిజం. ఆ డబ్బుతో కొత్త పరిశ్రమలను, స్వతంత్ర న్యాయస్థానాలను, విశ్వవిద్యాలయాలను పెంచుకునే అవకాశం ఇరవై ఏళ్లపాటు ఆయన చేతిలో ఉండటమూ నిజం. ఆయన ఎంచుకున్న దారి 2008లో జార్జియాకు, 2014లో క్రిమియాకు, 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మొత్తం మీద యుద్ధానికి దారితీసింది.

ఉక్రెయిన్ యుద్ధంలో రష్యా కొద్ది నెలల్లో కుప్పకూలుతుందన్న పాశ్చాత్య విశ్లేషకుల జోస్యం తప్పింది. దాదాపు మూడు వందల బిలియన్ డాలర్ల విదేశీ నిల్వలను స్తంభింపజేసినా ఆ ఆర్థిక వ్యవస్థ నిలబడింది, 2023, 2024 సంవత్సరాల్లో పెరిగింది కూడా. ఫిరంగి గుండ్ల తయారీలో ఐరోపాను మించిపోయింది. ఉక్రెయిన్ భూభాగంలో సుమారు ఐదో వంతు దాని అధీనంలో ఉంది. బలహీన దేశం ఇంత చేయజాలదు. కానీ ఆ పెరుగుదల ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. ట్యాంకు తయారైతే జాతీయోత్పత్తిలో చేరుతుంది, తూర్పు ఉక్రెయిన్‌లోని దొనెట్స్క్ పొలాల్లో కాలిపోతే లెక్కలోంచి తీసేయరు. ధరలను అదుపు చేయడానికి రష్యా కేంద్రబ్యాంకు 2024 అక్టోబర్‌లో వడ్డీ రేటును 21 శాతానికి పెంచాల్సి వచ్చింది. ఆ వడ్డీకి అప్పు తెచ్చి కొత్త కర్మాగారం పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? పైగా, నాటో విస్తరణను ఆపడానికే యుద్ధం అన్నవారి కళ్ల ముందే ఫిన్లాండ్ 2023లో, స్వీడన్ 2024లో నాటోలో చేరాయి. ఫిన్లాండ్‌తో రష్యా సరిహద్దు దాదాపు 1,340 కిలోమీటర్లు.

మాస్కోను నమ్ముకున్నవారి పరిస్థితి ఇంకా దయనీయం. ఆర్మేనియా, అజర్‌బైజాన్‌ల మధ్య వివాదంలో ఉన్న నాగోర్నో-కరబాఖ్‌లో సుమారు రెండు వేల మంది రష్యన్ శాంతి సైనికులు ఉండగానే 2023 సెప్టెంబర్‌లో అజర్‌బైజాన్ ఒక్కరోజులో దాన్ని స్వాధీనం చేసుకుంది. లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు ఇళ్లు వదిలి, కార్లలో, ట్రాక్టర్లలో దొరికింది సర్దుకుని కొండదారి పట్టారు. రష్యాతో సైనిక కూటమిలో ఉన్న ఆర్మేనియా ఆ తర్వాత ఆ కూటమి కార్యకలాపాలకు దూరం జరిగింది. 2025 ఆగస్టులో ఆర్మేనియా, అజర్‌బైజాన్ నేతలు చేతులు కలిపింది వాషింగ్టన్‌లో. కాకసస్ పర్వతాల పంచాయితీ మాస్కో ప్రమేయం లేకుండా శ్వేతసౌధంలో తెగడం రెండు వందల ఏళ్ల చరిత్రలో ఊహకందని విషయం. సిరియాలో అధ్యక్షుడు అసద్‌ను నిలబెట్టడానికి 2015 నుంచి రష్యా విమానాలు బాంబులు కురిపించాయి. 2024 డిసెంబర్‌లో ఆయన ప్రభుత్వం పన్నెండు రోజుల్లో కూలిపోతే మాస్కో చేయగలిగింది ఆయనకు ఆశ్రయం ఇవ్వడమే. 2025 జనవరిలో రష్యాతో వ్యూహాత్మక ఒప్పందం చేసుకున్న ఇరాన్ మీద జూన్‌లో ఇజ్రాయెల్, అమెరికా దాడి చేసినప్పుడు ఖండన ప్రకటన వచ్చింది, అంతకుమించి ఏమీ రాలేదు.

ఇక చైనా. ఈ మొత్తం వ్యవహారంలో మనకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. 1950లలో చైనాలో 156 భారీ ప్రాజెక్టులకు సోవియట్ యూనియన్ అండగా నిలిచింది. ఉక్కు, ట్రాక్టర్లు, విద్యుత్ కేంద్రాలు, చివరికి అణు పరిజ్ఞానానికి పునాదులు కూడా అటునుంచి వచ్చినవే. మావో మాస్కో వెళ్లి స్టాలిన్‌తో మళ్లీ భేటీ కోసం రోజుల తరబడి వేచి ఉన్న కాలమది. ఇప్పుడు చైనా ఆర్థిక వ్యవస్థ రష్యాకు దాదాపు తొమ్మిది రెట్లు. 2023లో రెండు దేశాల వ్యాపారం 240 బిలియన్ డాలర్లు దాటింది. రష్యాలో కొత్తగా అమ్ముడవుతున్న కార్లలో సగానికి పైగా చైనావే. జర్మన్, జపనీస్, కొరియన్ కంపెనీలు వదిలివెళ్లిన షోరూముల్లో చైనా బోర్డులు వెలిశాయి. రష్యా పంపేది చమురు, గ్యాసు, బొగ్గు, కలప. తెచ్చుకునేది యంత్రాలు, ఫోన్లు, విడిభాగాలు. బ్రిటిష్ కాలంలో మన పత్తి అటు వెళ్లి బట్ట ఇటు వచ్చిన వ్యాపారం గురించి చదువుకున్నవారికి ఇందులో ఎవరిది పైచేయో వేరే చెప్పనక్కర్లేదు.

గ్యాసు సంగతి చూడండి. యుద్ధానికి ముందు ఐరోపాకు రష్యా ఏటా సుమారు 150 బిలియన్ ఘనపు మీటర్ల గ్యాసు అమ్మేది. ఆ మార్కెట్టు పోయింది. 2023లో రష్యా ప్రభుత్వ గ్యాసు సంస్థ గాజ్‌ప్రోమ్ రెండు దశాబ్దాల్లో తొలిసారి వార్షిక నష్టం చూపింది. చైనాకు వెళ్లే ‘పవర్ ఆఫ్ సైబీరియా’ పైపులైను సామర్థ్యం ఏటా 38 బిలియన్ ఘనపు మీటర్లు మాత్రమే. రెండో పైపులైను కోసం మాస్కో ఏళ్ల తరబడి బతిమాలుతోంది. 2025 సెప్టెంబర్‌లో ఒక అవగాహన పత్రం మీద సంతకాలు అయ్యాయి కానీ ధర మాత్రం తేలలేదు. ఐరోపాకు పోయే పైపును చైనా వైపు తిప్పలేరు, కొత్తది వేయాలి, అదీ కొనేవాడు సరేనంటేనే. తొందర ఎవరికుందో బీజింగ్‌కు తెలుసు.

కట్టి ఇచ్చే శక్తి పూర్తిగా పోలేదు. రష్యా ప్రభుత్వ అణు సంస్థ రొసాటమ్ దానికి రుజువు. తమిళనాడులోని కూడంకుళంలో, బంగ్లాదేశ్‌లోని రూప్‌పూర్‌లో, తుర్కియేలోని అక్కుయులో, ఈజిప్టులోని ఎల్ దబాలో ఈ సంస్థే అణు విద్యుత్ కేంద్రాలు నిర్మిస్తోంది. రుణం ఇచ్చి, రియాక్టర్ కట్టి, ఇంధనం సరఫరా చేసి, వాడిన ఇంధనాన్ని వెనక్కి తీసుకుని, అక్కడి యువతకు శిక్షణ కూడా ఇచ్చే సంస్థ ప్రపంచంలో మరొకటి దొరకడం కష్టం. యురేనియం శుద్ధిలో దాని మీద అమెరికా సైతం ఆధారపడింది. సోవియట్ నాటి శాస్త్రీయ వారసత్వాన్ని చెదరగొట్టకుండా కాపాడుకున్న ఒకే ఒక్క పెద్ద రంగం ఇది. మిగతా రంగాలను కూడా ఇలాగే కాపాడుకుని ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

మన దగ్గరికి వద్దాం. 2010-14 మధ్య మన ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 72 శాతం. 2020-24 నాటికి అది 36 శాతానికి తగ్గిందని స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్క. 2018లో కొన్న ఎస్-400 గగనతల రక్షణ వ్యవస్థలు బాగా పనిచేస్తున్నా, యుద్ధం వల్ల అన్నీ సమయానికి అందలేదు. మరోవైపు చమురు కథ పూర్తిగా తిరగబడింది. యుద్ధానికి ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని రష్యా వాటా తర్వాత మూడో వంతు దాటింది. రాయితీ ధరకు దొరికింది కాబట్టి కొన్నాం, కొనడం తప్పు కాదు. కానీ దానికి ధర చెల్లించింది ఎవరు? రష్యా చమురు కొంటున్నామన్న సాకుతో అమెరికా 2025 ఆగస్టులో అదనంగా 25 శాతం సుంకం వేసి మొత్తాన్ని 50 శాతానికి చేర్చింది. ఆ దెబ్బ మొదట తగిలింది భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద. ఎగుమతిదారులు కొనుగోలు ధర తగ్గించేశారు. మేత, కరెంటు ఖర్చులు మాత్రం తగ్గలేదు. చమురు రాయితీ లాభం శుద్ధి కర్మాగారాల ఖాతాల్లో కనిపించింది, నష్టం రొయ్యల రైతు ఖాతాలో పడింది. అమెరికా దౌర్జన్యాన్ని నేను సమర్థించడం లేదు. ఇద్దరు పెద్దల మధ్య మన బేరం ఎవరి మీద భారం వేస్తోందో ఢిల్లీ లెక్క చూపాలంటున్నాను.

అంతకన్నా పెద్ద ప్రశ్న సరిహద్దులో ఉంది. 1971 ఆగస్టులో సోవియట్ యూనియన్‌తో మనకు కుదిరిన ఒప్పందంలో, ఏ దేశం మీద దాడి జరిగినా, దాడి ముప్పు వచ్చినా వెంటనే సంప్రదించుకుని తగిన చర్యలు తీసుకోవాలన్న షరతు ఉండేది. 1993లో యెల్త్సిన్ ఢిల్లీ వచ్చినప్పుడు దాని స్థానంలో వచ్చిన కొత్త ఒప్పందంలో ఆ భద్రతా షరతు లేదు. మన వార్తా చర్చల్లో దీని ప్రస్తావన వినడమే అరుదు. 2020 జూన్‌లో గల్వాన్‌లో ఇరవై మంది సైనికులు అమరులైనప్పుడు, వారిలో మన సూర్యాపేట బిడ్డ కూడా ఉన్నాడు, మాస్కో తటస్థంగా ఉండిపోయింది. సెప్టెంబర్‌లో భారత, చైనా విదేశాంగ మంత్రుల భేటీకి వేదిక ఇచ్చింది. దానికి కృతజ్ఞతలు చెప్పాల్సిందే. అయితే అప్పటికి రష్యా మీద ఇప్పుడున్నంత ఆంక్షలు లేవు, చైనా మీద ఇంత ఆధారపడటమూ లేదు. రేపు లద్దాఖ్‌లోనో, అరుణాచల్‌లోనో మళ్లీ ఘర్షణ వస్తే బీజింగ్ మాట కాదని మనకు విడిభాగాలు పంపే స్వేచ్ఛ మాస్కోకు ఎంత ఉంటుంది? రష్యాతో స్నేహం కొనసాగాలని కోరేవారు ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇది. రష్యాను పూర్తిగా చైనా ఒడిలోకి నెట్టకుండా ఉండటానికైనా మనం దానితో వ్యాపారం చేయాలన్న వాదనలో బలం ఉంది, నేను దాన్ని ఒప్పుకుంటాను. కానీ 1971 నాటి నమ్మకంతో 2026లో ఆయుధాగారం నడపలేం.

రష్యాకు ఇప్పుడు అన్నిటికంటే కరువైంది మనుషులు. 2024లో అక్కడ పుట్టిన పిల్లల సంఖ్య పన్నెండున్నర లక్షలు దాటలేదు. పాతికేళ్లలో అదే కనిష్ఠం. యువకులు కొందరు యుద్ధంలో పోయారు, లక్షల మంది 2022లోనే దేశం విడిచిపోయారు. మధ్య ఆసియా నుంచి వచ్చే కార్మికుల మీద 2024 మార్చి నాటి మాస్కో కచేరీ హాలు దాడి తర్వాత వేధింపులు పెరిగాయి. ఆ ఖాళీని నింపడానికి ఇప్పుడు భారత్ వైపు చూస్తున్నారు. 2025 డిసెంబర్‌లో పుతిన్ ఢిల్లీ పర్యటనలో కార్మికుల రాకపోకల మీద ఒప్పందం కుదిరింది. విశాఖకు ఇంజనీర్లను పంపిన దేశం ఈనాడు మన దగ్గర వెల్డర్లను, తాపీ పనివారిని అడుగుతోంది.

పని ఉంది, జీతం ఉంది, వెళ్లేవారిని ఆపక్కర్లేదు. కానీ సహాయకుల ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లను ఏజెంట్లు రష్యా తీసుకెళ్లి సైన్యంలోకి నెట్టిన సంగతి 2024లో బయటపడింది. సీబీఐ కేసు పెట్టింది. హైదరాబాద్ యువకుడొకరు ఆ యుద్ధభూమిలోనే ప్రాణం కోల్పోయాడు. 126 మంది భారతీయులు ఆ సైన్యంలో చేరినట్టు, వారిలో 12 మంది చనిపోయినట్టు, 16 మంది ఆచూకీ తెలియనట్టు 2025 జనవరిలో విదేశాంగ శాఖే చెప్పింది. అర్థంకాని భాషలో ఉన్న ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టించుకున్నారని తిరిగి వచ్చినవారు వాపోయారు. పదో తరగతి పూర్తికాని కార్మికులు వెళ్లడానికి వలస అనుమతి తప్పనిసరి చేసిన దేశాల జాబితాలో గల్ఫ్ దేశాలు ఉన్నాయి, మలేషియా ఉంది, రష్యా లేదు. ముందు దాన్ని ఆ జాబితాలో చేర్చాలి. ఒప్పంద పత్రం తెలుగులో ఉండాలి, మాస్కోలోని మన రాయబార కార్యాలయంలో ఒక ప్రతి చేరాకే విమానం ఎక్కనివ్వాలి. కార్మికులను ఏ పరిస్థితిలోనూ సైన్యంలో చేర్చుకోబోమని రష్యా ప్రభుత్వం చేత రాయించుకోవాలి. గల్ఫ్ వలసల్లో నలభై ఏళ్లుగా దెబ్బలు తిన్న రాష్ట్రం తెలంగాణ. ఈ షరతుల కోసం ఢిల్లీ మీద ఒత్తిడి తెచ్చే బాధ్యత హైదరాబాద్‌లోని ప్రభుత్వానిదే.